మీకా మూడు మాటలు, పెద్దేముల్ పిల్లలు

బైబిలులోని మీకా గ్రంథం ఆరవ అధ్యాయం, ఎనిమిదవ వచనం సండేస్కూలుకు వెళ్ళే పిల్లలలో చాలామందికి నోటికి వచ్చు. కంఠత వాక్యంగా పెట్టడానికి అనువైనంత చిన్నది, గోడమీద వ్రాసిపెట్టుకోదగినంత అందమైనది. దాని సారాంశాన్ని నా మాటలలో చెప్పాలంటే ఇంతే: దేవుడు మనిషి దగ్గర కోరేవి మూడు. న్యాయం చేయడం, కనికరాన్ని ప్రేమించడం, దేవునితో కలిసి అణకువగా నడవడం. ఈ మూడింటిలో రెండవదానిని మనం పిల్లలకు చాలా బాగా చెబుతాము. మూడవదానిని "వినయంగా ఉండాలి, పెద్దలకు ఎదురు చెప్పకూడదు" అని కుదించి చెబుతాము. మొదటిదానిని మాత్రం చదివించి ముందుకు సాగిపోతాము. న్యాయమనేది కోర్టుల సంగతి, పెద్దయ్యాక వాళ్ళే తెలుసుకుంటారులే అన్న ధీమా కాబోలు! ఈ అలవాటు సరికాదనీ, పిల్లలకు ముందుగా చెప్పవలసినది ఆ మొదటి మాటేననీ, దానిని వదిలి కనికరం ఒక్కటే చెబితే ఆ కనికరం కూడా చెడిపోతుందనీ నా అభిప్రాయం. అది ఎందుకో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక మనవి. ఇది మతబోధ కాదు. నా మిత్రులలో పిల్లలకు రామాయణ భారతాలు తప్ప మరేదీ చెప్పనివారున్నారు. ఏ గ్రంథాన్నీ గడప దాటి రానివ్వని నాస్తికులూ ఉన్నారు. అయితే దయకూ న్యాయానికీ తేడా ఏమిటో తమ ఇంటి పిల్లలకు చెప్పవలసిన రోజు వారికి కూడా వస్తుంది. కనుక వారు సైతం నిశ్చింతగా చదువవచ్చు.

నేను మాట్లాడుతున్నది పెద్దేముల్ పిల్లల గురించి. పెద్దేముల్ వికారాబాదు జిల్లాలో, తాండూరుకు దగ్గరలో ఉన్న ఒక మండల కేంద్రం. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేవరకు రంగారెడ్డి జిల్లాలో ఉండేది. ఈ ప్రాంతమంతా కంది పంటకు పేరు. తాండూరు కందిపప్పు రుచి ఎరిగినవారికి వేరే పరిచయం అక్కరలేదు, ఆ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. తాండూరు వైపు వెళితే నాపరాళ్ళ గనులు, రాళ్ళను కోసి నునుపు చేసే పాలిషింగు యూనిట్లు కనిపిస్తాయి. కర్ణాటక సరిహద్దు పక్కనే కావడం వలన అక్కడి తెలుగులో ఉర్దూ, కన్నడం కలగలిసి వినిపిస్తాయి. ఈ చుట్టుపక్కల క్రైస్తవులలో మెథడిస్టు సంఘానికి చెందినవారు చాలామంది. పక్కనున్న ధారూరులో ఏటా నవంబరులో జరిగే మెథడిస్టు జాతరకు జనం సంసారాలతో సహా తరలివచ్చి, గుడారాలు వేసుకుని రోజుల తరబడి ఉంటారు. క్రైస్తవ సభను సైతం 'జాతర' అనే పిలుచుకున్న ఆ పల్లెల భాష నాకెంతో ఇష్టం.

ఆ ఊరితో నాకున్న బంధుత్వం వలన, వెళ్ళినప్పుడల్లా ఆదివారం పిల్లలకు ఒక గంటసేపు ఏదైనా చెప్పమని అక్కడి పెద్దలు అడుగుతుంటారు. నేను పాస్టరును కాను, వేదాంత విద్య చదివినవాడిని అంతకన్నా కాను. ఏదో చదువుకున్నవాడనే గౌరవం. అలా ఈ వాక్యాన్ని వివరించే పని నా మీద పడింది. నా ఎదుట చాపల మీద కూర్చున్నవారిలో ఎక్కువమంది కూలిపని చేసే కుటుంబాల పిల్లలు. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే నా వాదన అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

పిల్లలకు ఒక వాక్యం చెప్పేముందు దానిని పలికినవాడెవరో చెప్పడం మంచిది. మీకా క్రీస్తుపూర్వం ఎనిమిదవ శతాబ్దపు ప్రవక్త. యూదా రాజులైన యోతాము, ఆహాజు, హిజ్కియాల కాలంవాడు, యెషయాకు సమకాలికుడు. ఆయనది రాజధాని అయిన యెరూషలేము కాదు. దానికి నైరుతి దిక్కున, పల్లపు ప్రాంతంలో ఉన్న మోరెషెతు అనే చిన్న ఊరు. అందుకే కాబోలు, ఆయన కోపమంతా పల్లెటూరివాని కోపంగా ఉంటుంది. పక్కవాని పొలం మీద కన్నువేసి లాక్కునేవారిని, ఇంటినుంచి ఆడవారిని వెళ్ళగొట్టి వారి పసిపిల్లలకు దక్కవలసినదాన్ని కాజేసేవారిని, లంచం తీసుకుని తీర్పు చెప్పే పెద్దలను, కూలికి బోధించే యాజకులను ఆయన పేరుపేరునా కాకపోయినా పనిపనినా ఎత్తిచూపుతాడు. మన వాక్యం వచ్చిన తరువాత రెండు మూడు వచనాలలోనే దొంగ త్రాసు, సంచిలో దాచిన తప్పుడు రాళ్ళ ప్రసక్తి వస్తుంది. అంటే 'న్యాయం' అన్న మాట ఆయన నోట గాలిలోంచి ఊడిపడలేదు. పొలం గట్టు మీదనుంచి, అంగడి లోనుంచి వచ్చింది.

ఆ ఆరవ అధ్యాయం మొదలయ్యేదే ఒక వ్యాజ్యంలాగా. దేవుడు తన ప్రజల మీద ఫిర్యాదు చేస్తాడు, కొండలూ పర్వతాలూ సాక్షులు. అప్పుడు మనిషి అడుగుతాడు: నేనేమి తెచ్చి ఇవ్వను? ఏడాది దూడలనా? వేలకొద్దీ పొట్టేళ్ళనా? నదులుగా పారే నూనెనా? చివరికి, నా పెద్దకొడుకునా? బేరం పెరుగుతూ పోయి కన్నబిడ్డ దగ్గర ఆగుతుంది. దానికి జవాబుగా వస్తాయి ఆ మూడు మాటలు. కంఠత వాక్యంగా ఎనిమిదవ వచనాన్ని మాత్రమే కత్తిరించి ఇవ్వడం వలన ఈ ప్రశ్న పిల్లల చెవిన పడనే పడదు. ఆ ప్రశ్నలో ఒక పిల్లవాడు ఉన్నాడన్న సంగతి పిల్లలకే తెలియకుండా పోతుంది. దీని దగ్గరకు మళ్ళీ వస్తాను.

ఇక మాటల సంగతి. మొదటి మాటకు హీబ్రూలో మిష్పాత్ అని మూలం. తీర్పు తీర్చడం అనే అర్థమున్న ధాతువు నుంచి పుట్టింది. నష్టపోయినవానికి తనది తనకు దక్కేలా చేయడం దాని సారం. మూలంలో దాని పక్కన ఉన్న క్రియ 'చేయడం'. మనం విస్తారంగా వాడే తెలుగు అనువాదంలో ఇది న్యాయంగా నడుచుకోవడం అనే అర్థం వచ్చేటట్లుగా ఉంది. అనువాదాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, అది ఎంతో గంభీరమైన తెలుగు. కానీ న్యాయంగా నడుచుకోవడం వేరు, న్యాయం చేయడం వేరు. నేను ఎవరి సొమ్మూ దొంగిలించక, ఎవరినీ కొట్టక, నా దారిన నేను పోతే న్యాయంగా నడుచుకున్నట్లే. నా కళ్ళెదుట మరొకడు దోపిడీకి గురవుతుంటే అతని పక్షాన నిలబడితేనే న్యాయం చేసినట్లు. మొదటిదానికి మంచి బుద్ధి చాలు, రెండవదానికి కాస్త ధైర్యం కూడా కావాలి.

రెండవ మాట హెసెద్. మన బైబిలులో ఇది ఒకచోట కనికరము, కీర్తనలలో ఎక్కువగా కృప. ఒక్కపూట జాలిపడి మరచిపోయేది హెసెద్ కాదు. మాట ఇచ్చినవాడు ఎంత కష్టమైనా ఆ మాటమీద నిలబడే ప్రేమ అది. దీనిని 'ప్రేమించమని' మీకా అంటాడు. చేయవలసినది న్యాయం, ప్రేమించవలసినది కనికరం. ఈ రెండు క్రియలూ తారుమారైపోయి, మనం కనికరాన్ని అప్పుడప్పుడూ 'చేస్తూ', న్యాయాన్ని దూరంనుంచి 'ప్రేమిస్తూ' ఉంటామేమోనని నా అనుమానం!

ఈ తారుమారుకు మన భాష కూడా కొంత తోడ్పడుతున్నది. 'ధర్మం' అనే మాట చూడండి. ధర్మరాజు పేరులో ఉన్నదీ అదే, గుడిమెట్ల దగ్గర "ధర్మం చేయండి తల్లీ" అన్న కేకలో ఉన్నదీ అదే. నీతి, భిక్షం ఒకే మాటలో ఇమిడిపోయాయి. హీబ్రూలో కూడా ఇటువంటి మాట ఒకటుంది. త్సెదాకా అంటే నీతి అనీ అర్థం, పేదలకిచ్చే దానమనీ అర్థం. అయితే యూదు సంప్రదాయంలో ఆ దానం ఇష్టమైతే ఇచ్చేది కాదు, తప్పక ఇచ్చి తీరవలసినది. మన వాడుకలో మాత్రం ధర్మమంటే ఇచ్చేవాని గొప్పదనంగానే మిగిలింది. తీసుకునేవాని హక్కు అందులోంచి జారిపోయింది. హక్కు అన్న మాట అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మన దగ్గరకు వచ్చి ఆ ఖాళీని పూరించింది. 'న్యాయం' పుస్తకాల మాటగా అనిపించే పెద్దేముల్ పిల్లలకు హక్కు, ఇన్సాఫ్ ఇంటిమాటలే. కాబట్టి వారికి చెప్పేటప్పుడు ఆ మాటలతో మొదలుపెట్టడమే నాకు సులువుగా తోచింది.

పిల్లలకు న్యాయం అర్థం కాదని భయపడేవారికి ఒక్క మాట. ఇద్దరు పిల్లలకు ఒక లడ్డూను సగం చేసి ఇచ్చి చూడండి. ఏ సగం పెద్దదో మీకన్నా ముందు వాళ్ళు చెబుతారు. జాలి మనం నేర్పవలసి వస్తుంది గానీ "అన్యాయం!" అని అరవడం ఏ పిల్లవాడికీ ఎవరూ నేర్పనక్కరలేదు. అయితే ఆ అరుపు మొదట తన వాటా కోసమే పుడుతుంది. దానిని పక్కవాడి వాటా కోసం కూడా అరిచేలా పెంచడమే బోధకుని పని. నేను చూసినంతలో పిల్లలు ఈ మలుపును చాలా త్వరగా తిరుగుతారు.

పెద్దేముల్‌లో నేను వాడిన మొదటి ఉదాహరణ బడిలో మధ్యాహ్న భోజనం. "మీకు బడిలో అన్నం ఎవరు పెడుతున్నారు?" అని అడిగాను. "సర్కారు" అన్నారు. "ఎందుకు పెడుతున్నది?" అన్నాను. "మేము గరీబోళ్ళం గద సార్" అని ఒకడు, "పాపమని" అని మరొకడు. ఈ రెండు జవాబులూ నన్ను చాలాసేపు ఆలోచింపజేశాయి. పదేళ్ళైనా నిండని పిల్లలు తాము జాలికి పాత్రులమని అప్పటికే నిర్ణయించుకున్నారు. అప్పుడు వారికి చరిత్ర చెప్పాను. 2001లో పౌరహక్కుల ప్రజా సంఘం సుప్రీంకోర్టుకు వెళ్ళింది. గోదాములలో ధాన్యం మూలుగుతుండగా జనం ఆకలితో ఉండడమేమిటని అడిగింది. ఆ ఏడాది నవంబరు 28న కోర్టు, ప్రభుత్వ పాఠశాలలలోని ప్రాథమిక తరగతుల పిల్లలకు వండిన భోజనం పెట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది. 2013లో ఆహార భద్రత చట్టం వచ్చి దానిని చట్టబద్ధమైన హక్కుగా చేసింది. "కాబట్టి అది ఎవరి దయా కాదు, అది మీది" అన్నాను. వారిలో ఒకడు కాసేపు ఆలోచించి, "అయితే గుడ్డు పెట్టని దినం అడుగొచ్చునా సార్?" అన్నాడు. అడగవచ్చు నాయనా, తప్పక అడగవచ్చు! మిష్పాత్ అన్న హీబ్రూ మాటకు అంతకన్న మంచి వ్యాఖ్యానం నేను ఏ పుస్తకంలోనూ చదువలేదు.

రెండవ ఉదాహరణ మీకా స్వయంగా ఇచ్చినదే, త్రాసు. తాండూరు మార్కెట్టుకు కందులు తీసుకువెళ్ళే ఇంటి పిల్లలకు కాంటా అంటే ఏమిటో, తరుగు అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. వారినే ఇలా అడిగాను: ఒక వ్యాపారి తూకంలో మోసం చేసి బస్తాకు కొంత మిగుల్చుకున్నాడు. ఏడాది చివర పండుగనాడు ఆ రైతు ఇంటికే వచ్చి పిల్లలకు కొత్త బట్టలు పెట్టాడు. అతడు మంచివాడా? మొదట అందరూ మంచివాడే అన్నారు. కొత్త బట్టలు కదా! తరువాత ఒక పిల్ల వేళ్ళమీద లెక్కవేసి, ఆ బట్టలు మనపైసలతోనే కొన్నాడని తేల్చింది. న్యాయం లేని కనికరం ఎలా ఉంటుందో ఆ పూటకు అందరికీ తెలిసిపోయింది. పెద్దలమైన మనలో ఎంతమందిమి ఆ లెక్క వేస్తున్నాము?

కనికరానికి ఉదాహరణగా సండేస్కూళ్ళలో తప్పకుండా చెప్పే కథ మంచి సమరయునిది. యెరికో దారిలో దొంగలు కొట్టి పడవేసిన మనిషిని, ఇద్దరు పెద్దమనుషులు చూసీ చూడనట్లు పోతే, పరాయివాడైన సమరయుడు ఎత్తి కట్టుకట్టించి సత్రంలో చేర్చిన కథ. దానికి సాటి అయిన కథ లేదు. కానీ పిల్లలను ఒక ప్రశ్న అడగవచ్చు: మరునాడు ఆ దారిన వెళ్ళేవాని సంగతేమిటి? 1967 ఏప్రిల్ 4న న్యూయార్కులోని రివర్‌సైడ్ చర్చిలో మాట్లాడుతూ మార్టిన్ లూథర్ కింగ్ ఈ కథనే తీసుకుని, సమరయునిలా సాయపడడం మొదటి అడుగు మాత్రమేననీ, ప్రయాణికులు దెబ్బలు తినకుండా ఆ దారినే మార్చవలసి ఉంటుందనీ అన్నాడు. ఇది పెద్ద మాటే గానీ పెద్దలకే అర్థమయ్యే మాట కాదు. మన ఊరి దారిలో రోజూ ఒకే గుంతలో పడి ఎవరో ఒకరు దెబ్బ తగిలించుకుంటుంటే కట్టుకట్టడం కనికరం, గుంత పూడ్పించడం న్యాయం అని చెబితే ఆరేళ్ళ పిల్లకైనా తెలుస్తుంది. రెండూ కావాలి. కట్టుకట్టేవాళ్ళను మాత్రమే పొగుడుతూ పోతే గుంత అలాగే ఉంటుంది.

ఇప్పుడు పెద్దకొడుకు ప్రశ్న దగ్గరకు వస్తాను. నా తప్పుకు పరిహారంగా నా పెద్దకొడుకును ఇవ్వనా అని మీకా గ్రంథంలోని మనిషి అడిగినప్పుడు మనకది ఏదో అనాగరిక కాలపు బలి అనిపిస్తుంది. కానీ తెలంగాణ పల్లెలలో బిడ్డను 'జీతానికి' పెట్టడం ఎన్ని తరాల సంగతి! తండ్రి చేసిన అప్పుకు కొడుకు పెద్ద ఆసామి ఇంట పశువుల దగ్గర, పొలంలో, ఏడాదికింత అని లెక్కకట్టి పనిచేయడం. అప్పు తీరదు, పిల్లవాడి బాల్యం మాత్రం తీరిపోతుంది. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం 1976లో వచ్చింది, బాలకార్మిక చట్టం 1986లో వచ్చింది. చట్టాలు వచ్చినా పిల్లలు చేలలోనే ఉన్నారు.

వారిని బడికి తెచ్చిన ప్రయత్నాలలో ఎన్నదగినది ఈ పాత రంగారెడ్డి జిల్లాలోనే మొదలయింది. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట ఏర్పడిన ఎం.వి. ఫౌండేషన్, ఆయన మనుమరాలు శాంతా సిన్హా నాయకత్వంలో 1991 నుంచి ఈ జిల్లా పల్లెలలో పిల్లలను పని మాన్పించి బడిలో చేర్పించే పనికి పూనుకున్నది. బడిలో లేని ప్రతి పిల్లా పిల్లవాడూ బాలకార్మికులేనన్నది వారి సూత్రం. పనిలోంచి వచ్చిన పిల్లలను ముందు శిబిరాలలో ఉంచి చదువు చెప్పి, వయసుకు తగిన తరగతిలో చేర్పించేవారు. తల్లిదండ్రులతో, ఆసాములతో, ఉపాధ్యాయులతో ఊరి యువకులే మాట్లాడి ఒప్పించేవారు. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘానికి ఆమె తొలి అధ్యక్షురాలయ్యారు. 2009లో విద్యాహక్కు చట్టం వచ్చి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది.

నేను దీనిని ఇంత వివరంగా చెప్పడానికి కారణం ఉంది. పశువుల వెంట తిరిగే పిల్లవాడికి పాత చొక్కా ఇవ్వడం, రాత్రిపూట బడి పెట్టి నాలుగు అక్షరాలు నేర్పడం కనికరం. అలా చేసినవారు ఎందరో ఉన్నారు, వారిని తక్కువ చేయను. కానీ వారి మనసులో ఎక్కడో "పాపం, వీడు పని చేయక తప్పదు కదా" అన్న ఒప్పుకోలు ఉన్నది. ఈ సంస్థవారు ఆ ఒప్పుకోలునే నిరాకరించారు. తండ్రి అప్పుకు పరిహారంగా పెద్దకొడుకును ఇవ్వనా అన్న ప్రశ్నకు, ఇవ్వనక్కరలేదు, ఇవ్వకూడదు అని జవాబు చెప్పారు. వారు మీకాను తలచుకుని ఈ పని చేశారని నేననడం లేదు. మీకా ఏమి అడిగాడో చూపించడానికి పెద్దేముల్ పిల్లలకు ఇంతకన్న దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదని మాత్రమే అంటున్నాను.

ఇలా చెప్పడంలో చిక్కు లేకపోలేదు. పిల్లలకు న్యాయం చెప్పినవాడు వారి ప్రశ్నలకు సిద్ధపడాలి. ఆ గంట ముగియబోతుండగా వెనుక వరుసలోని ఒక అమ్మాయి లేచి, "సార్, కంది కోతకు మా నాయినకు ఇచ్చినంత కూలి మా అమ్మకు ఎందుకు ఇయ్యరు? ఇద్దరు ఒక్కటే చేన్ల కోస్తరు గద" అని అడిగింది. చాపల మీద ఒక్కసారిగా నిశ్శబ్దం. కూలి ఇచ్చేవారి పిల్లలు కూడా అక్కడే కూర్చుని ఉన్నారు. సమాన పనికి సమాన వేతనం రాజ్యాంగం 39వ అధికరణం చెప్పిన మాట, 1976లోనే దానికి ఒక చట్టం వచ్చింది. అది ఆమెకు చెప్పాను. "నీవు అడిగినది సరైన ప్రశ్న, మీకా ఉంటే ఇదే అడిగేవాడు" అని కూడా చెప్పాను. చట్టముండి కూడా ఎందుకు ఇవ్వడం లేదన్నదానికి ఆ పిల్లకు తృప్తినిచ్చే జవాబు ఇవ్వడం నావల్ల కాదు, ఎవరివల్లా కాదు. కానీ అప్పుడు నేను "మనం అందరిమీదా కనికరం చూపాలి తల్లీ" అని మాట దాటవేసి ఉంటే, ఆ అమ్మాయి ఈ వాక్యాన్ని జీవితంలో మళ్ళీ నమ్మేది కాదు.

తరువాత ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి, "ఇసొంటియి పిల్లలకు చెప్తే పెద్దోళ్ళ మీద తిరగబడ్తరేమో, జర సూడుండ్రి" అన్నారు. ఆయన ప్రేమగానే అన్నారు. ఆ అభ్యంతరం తీసిపారేయదగినది కాదు. న్యాయం ఒక్కటే నేర్చుకున్న పిల్లవాడు ప్రతిదానికీ లెక్కలు తీసేవాడు, ఎదుటివాని తప్పు మీదే కన్ను వేసేవాడు కావచ్చు. అందుకే కదా మీకా మొదటి మాటతో ఆగిపోలేదు! కనికరాన్ని ప్రేమించమన్నాడు, కనుక తప్పుచేసినవాడు కూడా మనవాడే. అణకువగా నడవమన్నాడు, కనుక నా వాదనే దేవుని వాదన అనుకోకూడదు. ఆ అణకువ దేవుని ముందు చూపవలసినది. పెద్ద ఆసామి ముందు చేతులు కట్టుకుని నిలబడడం అణకువ అని మీకా చెప్పలేదు. కూలివాళ్ళ పిల్లలకు ఈ తేడా విప్పి చెప్పకపోతే, తరతరాలుగా వంగిన నడుముకే మనం బైబిలు పేరుతో మరొక బరువు ఎత్తినవాళ్ళమవుతాము.

కనికరం గురించి ఎక్కువగా చెప్పేవారు గమనించవలసిన సంగతి మరొకటి ఉన్నది. కనికరం పాఠంలో ఇద్దరు ఉంటారు, ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ. పట్నంలోని కాన్వెంటు పిల్లవాడు ఆ పాఠం విన్నప్పుడు తనను ఇచ్చేవాడిగా ఊహించుకుంటాడు. పెద్దేముల్ పిల్లవాడు అదే పాఠం విని తనను పుచ్చుకునేవాడిగా ఊహించుకుంటాడు. ఒకనికి కాస్త గర్వం, మరొకనికి కాస్త సిగ్గు మిగులుతాయి. న్యాయం పాఠంలో ఇద్దరూ ఒకే గట్టు మీద నిలబడతారు. ఆ గట్టు మీద నిలబడిన తరువాత పెద్దేముల్ పిల్లవాడు కూడా ఇచ్చేవాడవుతాడు. గుడ్డు గురించి అడిగిన పిల్లవాడే, తమ తరగతిలో ఒక పిల్లను అందరికీ దూరంగా కూర్చోబెడతారనీ, అది కూడా తప్పే కదా అనీ చెప్పాడు. అది హక్కు పాఠంలోంచి మొలిచిన కనికరం. జాలి పాఠంలోంచి అది వచ్చేదని నేననుకోను.

మన సాహిత్యంలో ఈ మెలకువకు నిదర్శనం కావాలంటే జాషువా ఉండనే ఉన్నాడు. 1941 నాటి గబ్బిలం కావ్యంలో ఆ నిరుపేద కథానాయకుడు తన గోడును కాశీలోని శివునికి చేరవేయమని గబ్బిలాన్ని పంపుతాడు. ఆ కావ్యాన్ని కరుణరసానికి ఉదాహరణగా బడులలో చెప్పడం పరిపాటి. నాకు మాత్రం అది ఒక ఫిర్యాదు పత్రంలాగా తోస్తుంది. అతడు దేవుని కన్నీరు కోరడం లేదు, విచారణ కోరుతున్నాడు. కొండలను సాక్షులుగా పిలిచిన మీకా ఆరవ అధ్యాయాన్నీ, గబ్బిలాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఇరవైయేడు శతాబ్దాల దూరం చిన్నదైపోతుంది.

యూదు తల్ముదులో ఒక చమత్కారమైన లెక్క ఉన్నది. మోషేకు ఇవ్వబడిన ఆజ్ఞలు 613 అనీ, దావీదు వాటిని పదకొండుకు తెచ్చాడనీ, యెషయా ఆరుకు తెచ్చాడనీ, మీకా మూడుకు తెచ్చాడనీ చెబుతారు. మూడంటే పిల్లల వేళ్ళకు అందే లెక్క. అందుకనే నేను పిల్లలకు ఈ వాక్యాన్ని మూడు ప్రశ్నలుగా మార్చి ఇచ్చాను. ఎవరిదైనా వారికి దక్కకుండా పోతున్నదా? వారిని నేను నా సొంతవాళ్ళలా చూస్తున్నానా? ఇదంతా చేస్తూ నేనే గొప్ప అనుకుంటున్నానా? వరుస మార్చవద్దని మాత్రం గట్టిగా చెప్పాను. మొదటి ప్రశ్నకు జవాబు వెదకకుండా రెండవదానికి పోతే, మళ్ళీ ఆ కొత్తబట్టల వ్యాపారి దగ్గరకే చేరుకుంటాము.

ఈ వాక్యం పెద్ద పెద్ద చోట్లకు వెళ్ళింది. అమెరికా అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ 1977 జనవరిలో పదవీ స్వీకార ప్రసంగంలో దీనిని చదివాడు. వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ గ్రంథాలయంలో ప్రధాన పఠన మందిరం గోడమీద ఇది చెక్కబడి ఉంది. అవన్నీ గౌరవమే. కానీ ఇది పుట్టింది మోరెషెతు వంటి పల్లెలో, పొలం పోగొట్టుకున్నవారి మధ్య. పెద్దేముల్ పిల్లలకు అది అర్థమైనంత సూటిగా మందిరాలలో చదివేవారికి అర్థమవుతుందని నేను అనుకోను. పిల్లలకు కష్టమని మనం దాచిపెడుతున్నది నిజానికి వారికి బాగా తెలిసినదే. దాచిపెట్టేది మన సౌకర్యం కోసం.

కనుక సండేస్కూలులో చెప్పేవారికీ, ఇంట్లో చెప్పే తల్లిదండ్రులకూ నా విన్నపం ఒక్కటే. ఈ వాక్యాన్ని చెప్పేటప్పుడు దానికి ముందున్న రెండు వచనాలూ, తరువాతి రెండు మూడు వచనాలూ కలిపి చెప్పండి. పెద్దకొడుకు ప్రశ్ననూ, దొంగ త్రాసునూ వదలవద్దు. ఉదాహరణలను మీ ఊళ్ళోంచే తీసుకోండి. పిల్లలు మిమ్మల్ని ఇబ్బందిపెట్టే ప్రశ్న అడిగితే సంతోషించండి. ఆ అమ్మాయి తల్లికి ఈ కంది కోతకు కూడా తక్కువ కూలే ఇచ్చి ఉంటారు. ఆ పిల్లలలో కొందరైనా రేపు కూలి ఇచ్చే స్థానంలో ఉంటారు. అప్పటికి వారికి ఈ వాక్యంలోని మొదటి మాట గుర్తుండాలంటే, దానిని ఇప్పుడే చెప్పాలి.